పామిడి చుక్క

పుట్టినరోజు ఏ తేదీనో ముప్పయ్యేళ్ళుగా తేల్చుకోలేకపోయిన ఇల్లు అర్చనది. సర్టిఫికెట్లన్నీ మే తొమ్మిది అంటాయి. తల్లి సుమిత్రమ్మ మాత్రం ఎనిమిది అంటుంది. బళ్ళో చాక్లెట్లు పంచినా, ఆధార్ కార్డు తీసుకున్నా, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినా తొమ్మిదే. అయినా ఏటా ఎనిమిదో తేదీ పొద్దున్నే పామిడి నుంచి ఫోను వస్తుంది, తలకు పోసుకున్నావా అని. ఈ ఏడూ వచ్చింది.

"నా పుట్టినరోజు రేపు మా," అంది అర్చన, ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో మౌసు పట్టుకుని.

"కన్నది నేను. రేపని నాకు చెప్తావా? ఓళిగలు చేసినా. మీ నాయన బస్సుకిచ్చి పంపిస్తానన్నాడు. అది సరేలే, నీ చుక్క పేపర్లో ఎప్పుడు పడతాది? బజారంతా అడుగుతాండారు."

అర్చన చేతిలో మౌసు ఆగిపోయింది. "బజారంతా ఏంటికి అడుగుతాది? నువ్వు చెప్పినావా?"

"నేనెందుకు చెప్తా? మీ నాయనే. అంగడికొచ్చినోళ్ళకి చీర చూపిచ్చకముందే చుక్క సంగతి చెప్తాండాడు."

అంగడంటే అర్చన తండ్రి శేషయ్య బట్టల అంగడి. పామిడిలో బట్టల వ్యాపారం చేసే వీధిలో అది నాలుగోది. మిగతావాళ్ళ పిల్లలు బెంగుళూరులోనో దుబాయిలోనో ఏదో ఒకటి సాధించినప్పుడల్లా శేషయ్య నవ్వి ఊరుకునేవాడు. ఇప్పుడు ఆయన కూతురు ఆకాశంలో ఎవరికీ కనిపించని చుక్కను కనిపెట్టింది. ఆయన నోరు కట్టేయడం ఎవరి తరం? కంప్యూటర్లో ఆ ఫైలుకి 'పామిడి-1' అని పేరు పెట్టుకున్న సంగతి తండ్రితో చెప్పినందుకు అర్చన తనను తానే తిట్టుకుంది.

ఎందుకంటే ఆ చుక్క ఉందో లేదో ఆమెకే నమ్మకం పోయింది.

అనంతపురం దాటి తాడిపత్రి రోడ్డులో పోతే ఒక బోడిగుట్ట వస్తుంది. దాని మీద పెద్ద డిష్ యాంటెన్నా ఒకటి ముప్పయ్యేళ్ళుగా ఆకాశానికి నోరు తెరుచుకుని ఉంది కాబట్టి, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆ పరిశోధన కేంద్రానికి గిన్నె ఆఫీసని పేరు పెట్టేశారు. గిన్నె తుప్పు పట్టి చాలా కాలమైంది. అది వినాల్సిన ఉపగ్రహం అంతకు ముందే సముద్రంలో పడిపోయింది. మిగిలిందల్లా ఆ ఉపగ్రహం రెండున్నరేళ్ళు పోగుచేసి కిందికి పంపిన గామా కిరణాల లెక్క. గామా కిరణాలంటే కంటికి కనిపించని వెలుగు, పేలిపోయిన నక్షత్రాల నుంచీ అలాంటి భీకరమైన చోట్ల నుంచీ వచ్చేది. ఒక్కో కిరణం వచ్చి తగిలినప్పుడల్లా ఉపగ్రహం ఒక వరస రాసుకుంది. ఎంత బలంగా తగిలింది, ఏ వైపు నుంచి తగిలింది, తన గడియారంలో ఎన్నింటికి తగిలింది. అలాంటి వరసలు నాలుగు కోట్లు. వాటిని పాత టేపుల్లోంచి తీసి, శుభ్రం చేసి, ఆకాశపటంలో ఎక్కడివక్కడ పెట్టి, లోకంలో ఎవరు అడిగినా అందేలా భద్రపరచడం అర్చన పని. మూడేళ్ళ కాంట్రాక్టు. ఈ నెలాఖరుకి అయిపోతుంది.

ఆ పటంలో, వృషభరాశిలో, అందరికీ తెలిసిన ఒక పెద్ద వెలుగు ఉంది. ఎప్పుడో పేలిపోయిన నక్షత్రం తాలూకు అవశేషం అది. దానికి పడమరగా ఒక డిగ్రీ దూరంలో, అంటే రెండు నిండు చందమామలను పక్కపక్కన పెట్టినంత దూరంలో, పోయిన డిసెంబరులో అర్చనకు ఇంకో చిన్న వెలుగు కనిపించింది. ఏ జాబితాలోనూ లేదు. పైగా అది నిలకడగా వెలగదు. వారం రోజులు వెలుగుతుంది, రెండు వారాలు ఆరిపోతుంది, మళ్ళీ వారం వెలుగుతుంది. రెండున్నరేళ్ళూ అదే వరస. ఒకే ఒక్కసారి, రెండో ఏడు జూలైలో, వెలగాల్సిన వారం వెలగలేదు. ఆ తప్పిన వంతు మీద అర్చన తన పరిశోధన పేపర్లో మూడు పేరాలు రాసింది. ఏదో పెద్ద ధూళిమేఘం అడ్డం వచ్చి ఉంటుందని ఒక ఊహ కూడా అల్లింది.

కేంద్రం హెడ్ కృపాకుమారి ఆ పేపరు చదివి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆకాశంలో ఆదివారం సోమవారం ఉంటాయా అర్చనా? ఏడు రోజులు యాడనుంచి వచ్చినాయి?"

కృపాకుమారి మాట ఎప్పుడూ అంతే, మెత్తగా మొదలుపెట్టి గుచ్చి వదిలేస్తుంది. శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఆ లెక్కల భాండారమంతా, దాంతోపాటు పేపరూ బెంగుళూరు కమిటీకి పోవాలి. కాంట్రాక్టు పొడిగించేదీ లేనిదీ ఆ కమిటీయే తేలుస్తుంది. "అంతలోపల ఏడు రోజులు యాడివో నాకు చెప్పు. చెప్పలేకపోతే చుక్కను పంపను," అని చెప్పేసింది.

అప్పటినుంచి అర్చనకు కుర్చీలో నిలకడ లేదు. బ్యాటరీ వేడెక్కడం వల్ల వచ్చిన దొంగ వెలుగా అని చూసింది. కాదు. పెద్ద వెలుగే పరికరంలో రెండుగా కనిపిస్తోందా అని చూసింది. అదైతే రోజూ కనిపించాలి, మూడు వారాలకోసారి కాదు. చూసిన ప్రతిదీ సరిగ్గానే ఉండటం ఆమెకు మరీ భయం పుట్టించింది. తినబోయి ఉగ్గాని పొట్లం అలాగే మూసేసేది. లేచి వరండాలోకి వచ్చి, దూరంగా గుట్టల మీద తిరుగుతున్న గాలిమరలను చూసి, ఏం చూసిందో తనకే గుర్తు లేకుండా లోపలికి పోయేది. చుక్క నిజమైతే బాగుండునని కోరుకుంటోంది కాబట్టే నిజం కాదేమోనన్న భయం వదలడం లేదని ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన భయం తగ్గుతుందా?

చూడనిది ఒక్కటే మిగిలింది. రిజిస్టర్లు.

ఆ ఉపగ్రహంలోని గడియారం ఒట్టి దండగ. భూమి నీడలోకి పోయి వచ్చినప్పుడల్లా సున్నా నుంచి మొదలయ్యేది. తేదీ దానికి తెలియదు. అందుకని అది గుట్ట మీదుగా పోతూ లెక్కలు కిందికి పంపిన ప్రతిసారీ, ఇక్కడ డ్యూటీలో ఉన్న ఆపరేటరు తేదీ, టైము రిజిస్టర్లో రాయాలి. ఆ తేదీ లేకపోతే పటమే లేదు. ఎందుకంటే ఉపగ్రహం సూర్యుణ్ణి గుర్తుగా పెట్టుకుని, కిరణం సూర్యుడికి ఎంత పక్కగా వచ్చిందో రాసుకునేది. నక్షత్రాల మధ్య సూర్యుడు రోజుకి ఒక డిగ్రీ చొప్పున జరుగుతాడు. ఏ తేదీయో తెలిస్తేనే సూర్యుడు ఎక్కడున్నాడో, ఆ కిరణం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది.

రిజిస్టర్లను ఎప్పుడో ఒక కంపెనీ చేత టైపు చేయించి, తేదీ టైము వరసగా సర్ది పెట్టారు. అర్చన చేతికి వచ్చింది ఆ ఫైలే. అందులో రిమార్కుల గడిలో అక్కడక్కడా ఊరికే సున్నాలు పడి ఉంటే, టైపు చేసినవాళ్ళ చెత్త అనుకుని మొదటి నెలలోనే తుడిచేసింది. రెండువందల తొంభై దాకా సున్నాలు. శుభ్రం చేయడం ఆమె పనే కదా.

"అసలు రిజిస్టర్లు యాడుండాయి మేడమ్?"

"గిన్నె మూసేసినప్పుడు పాత కాగితాలన్నీ తూకానికేస్తాంటే హనుమంతరాయుడని ఒక ఆపరేటరు ఎత్తుకపోయినాడంట. తనకల్లులో ఉంటాడు. బతికుంటే," అంది కృపాకుమారి.

మరునాడు, సర్టిఫికెట్ ప్రకారం పుట్టినరోజు నాడు, పొద్దున్నే కదిరి బస్సెక్కింది అర్చన. బత్తలపల్లి దాటింది, ముదిగుబ్బ దాటింది. చేతిలో ఒక కాగితం, దాని మీద చుక్క వెలిగిన వారాలన్నీ తేదీలతో సహా. ఆ కాగితాన్ని ఎన్నిసార్లు మడిచి విప్పిందో, కదిరిలో బస్సు మారేసరికి మడతల దగ్గర చిరిగింది.

హనుమంతరాయుడు బతికే ఉన్నాడు. బండలు పరిచిన మిద్దె ముందు, వేపచెట్టు నీడలో ఆయన భార్య చింతపండు కొడుతుంటే, పక్కన కూర్చుని గింజలు ఏరుతున్నాడు. డెబ్భై ఏళ్ళుంటాయి. కళ్ళద్దాల కాడ విరిగితే దారం కట్టుకున్నాడు. గిన్నె ఆఫీసు నుంచి వచ్చానని చెప్పగానే పంచెకు చేతులు తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

"సార్, మీ దగ్గర రిజిస్టర్లు..."

"సార్ ఏంది పాపా, ఆఫీసులోనే నన్నెవరూ సార్ అనలే. హనుమన్నా అను. కూచో. మజ్జిగ తాగు ముందు."

ఇనప పెట్టె తెరిచాడు. అడుగున ఎండిన వేపాకు, దాని మీద గుడ్డలో చుట్టిన రిజిస్టర్లు, పంతొమ్మిది. ఒక్క అంచుకి కూడా ఎలుక పన్ను తగల్లేదు. రెండున్నరేళ్ళ పాటు ముగ్గురు ఆపరేటర్లు వంతులేసుకుని చేసిన పని. ఒకడు మద్రాసువాడు, ఒకడు కర్నూలువాడు, మూడో ఆయన ఈయన. ముగ్గురివీ మూడు చేతిరాతలు. టైపు చేసిన ఫైలులో చేతిరాతలుండవు కదా, అందరి రాతా ఒకటే అయిపోయింది.

"నైట్ డ్యూటీ ఎట్లుండె హనుమన్నా?" మామూలుగా అడిగినట్టే అడిగింది.

"తలా ఒక వారం పాపా. నాకొక వారం, ఆ ఇద్దరికీ చెరో వారం. మళ్ళా నాకు."

ఒక వారం, తర్వాత రెండు వారాలు ఖాళీ, మళ్ళీ ఒక వారం. అర్చన మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. ఏడు రోజులు ఎక్కడివో ఆమెకు అర్థమైపోయింది. ఎలా వచ్చాయో మాత్రం ఇంకా తెలియలేదు.

రిజిస్టరు తెరిచింది. పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలతో ఉన్న పేజీ మీద వేలు పెట్టింది. "ఇది నీ రాతేనా?"

"నాదే."

"పదహారో తేదీ, రాత్రి పదకొండు యాభై. సరే. దాని కింద వరసలో కూడా పదహారే ఏసినావు, టైము ఒంటిగంటా ముప్పై. ఇది మద్యానమా?"

"మద్యానం నేనెందుకుంటా? తెల్లారుజాము. పన్నెండు కొట్టినాక ఒంటిగంటన్నరకి పైన పోయింది."

"అయితే అది పదిహేడు కదన్నా?"

ఆయన ఆమెను జాలిగా చూశాడు. ఇంత చదువుకున్న పిల్ల ఇదేం ప్రశ్న వేస్తోందన్నట్టు. "పదిహేడు ఎట్లయితాది? ఇంగా పొద్దే పుట్టలేదు."

"గడియారం పన్నెండు దాటింది కదా?"

"గడియారం దినానికి రెండు తూర్లు దాటుతాది పన్నెండు. దాటినప్పుడల్లా తేదీ మార్చుకుంటా పోవల్లనా? రూలు పుస్తకంలో ఏమి రాసిండారు? కొత్త దినము మొదలుకాగానే కొత్త తేదీ వేయవలెను. నేను అట్లనే ఏసినా. తూర్పుపక్క కొండ వెనకాల పొద్దు కనపడగానే గీత కొట్టి, పొద్దు గుర్తు పెట్టి, తేదీ మార్చినా. ఒక్కనాడు తప్పలే. చూడు, ఈడుంది."

చూసింది. ఒంటిగంటా ముప్పై, మూడూ పది, నాలుగూ యాభై, అన్నీ పదహారే. వాటి కింద ఎర్రసిరాతో ఒక గీత. గీత చివర, రిమార్కుల గడిలో, చిన్న గుండ్రం. సూర్యుడి బొమ్మ. ఆ తర్వాత పదిహేడు, ఆరూ ముప్పై.

సున్నా.

టైపు చేసినవాళ్ళు దాన్ని సున్నా అనుకున్నారు. తేదీ టైము వరసలో సర్దేసరికి తెల్లవారుజాము ఒంటిగంటన్నర ఎగిరిపోయి అదే తేదీ పొద్దుటి పూటకన్నా పైన కూర్చుంది. పేజీలో ఉన్న వరస చెరిగిపోయింది. మిగిలిన ఒకే ఒక్క గుర్తు ఆ సున్నా. దాన్ని తుడిచేసింది ఎవరో కాదు, అర్చనే. ఆ సున్నాలున్న తేదీలు ఒక్కసారి చూసుకుని ఉంటే ఈ చుక్క డిసెంబరులోనే ఆరిపోయేది.

అర్చన కాగితం విప్పి, ఒక్కో వారమూ రిజిస్టరుతో సరిచూసింది. చుక్క వెలిగిన ప్రతి వారమూ గుండ్రటి అక్షరాలే. తారీఖు ఒకరోజు వెనక్కి పోయిన కిరణాలన్నీ, ఒక డిగ్రీ పడమరకి జరిగి, పెద్ద వెలుగు పక్కన ఇంకో వెలుగు కట్టాయి. పామిడి చుక్క లేదు. ఎప్పుడూ లేదు.

చివరికి రెండో ఏడు జూలైకి వచ్చింది. ఆ వారం గుండ్రటి అక్షరాలు లేవు.

"ఈ వారం నువ్వు లేవా?"

ఆయన రిజిస్టరు దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఆ ఏడా? ఆ ఏడు జూలైలో వాన పడె. శెనక్కాయ విత్తనానికని నెల లీవు పెట్టినా. ఆఫీసరు తిట్టినాడు కూడా."

అర్చన పకపకా నవ్వింది. నవ్వుతుండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడు పేరాల ధూళిమేఘం! చింతపండు కొట్టే ఆమె చెయ్యాపి చూసింది. అర్చనకు ఆ ముసలాయన మీద కోపం వచ్చింది. వచ్చిన కోపానికి సిగ్గేసింది. ఆయన చేసిన తప్పేమిటో చెప్పమంటే ఆమె చెప్పగలిగేది కాదు.

"నా వల్ల ఏమన్నా చెడిందా పాపా?" అన్నాడాయన.

"ఏమీ చెడలే హనుమన్నా."

"రిజిస్టరు మటుకు సరిగ్గానే ఉండాది," అన్నాడు మళ్ళీ, ఈసారి కొంచెం మెల్లగా.

రిజిస్టర్లు తీసుకుపోతానంటే ఒప్పుకోలేదు. ఆఫీసు వాటిని తూకానికేసింది, మళ్ళీ వేయదని ఏం నమ్మకం అన్నాడు. నీడ జరిగేదాకా కూర్చుని, ఆయన రాసిన పేజీలన్నీ ఫోనులో ఫొటోలు తీసుకుంది.

తిరుగు బస్సులో కదిరి నుంచి ముదిగుబ్బ దాకా ఆమె ఒక పాడు ఆలోచన చేసింది. చేయలేదని చెబితే అబద్ధం. రిజిస్టర్లు ఇనప పెట్టెలో ఉన్నాయి. వాటిని అడిగేవాడు లేడు. ఏడు రోజులకి ఏదో ఒక కారణం అల్లి పటం ఇలాగే పంపితే చుక్క కొన్నేళ్ళయినా బతుకుతుంది. అంతలో కాంట్రాక్టు పొడిగిస్తారు, పామిడిలో నాయన అంగడి ముందు తలెత్తుకుని కూర్చుంటాడు. ముదిగుబ్బలో బస్సు ఆగినప్పుడు పామిడికి ఫోను చేసింది.

"మా, నేను ఎన్ని గంటలకు పుట్టినా?"

"ఇప్పుడెందుకే? తెల్లారుజాము మూడూ నలభైకి. ఆస్పత్రిలో గోడ గడియారం చూసినా."

"ఎనిమిదో తేదీ తెల్లారితేనా, తొమ్మిది తెల్లారితేనా?"

"ఎనిమిదో తేదీ పగలంతా నొప్పులు పడి, ఆ రాత్రి కంటి. ఇంగా పొద్దు పుట్టలే. అది ఎనిమిది కాకపోతే ఏమైతాది? ఆస్పత్రోళ్ళు తొమ్మిదని రాసినారు, వాళ్ళకేం తెలుసు?"

అర్చన కిటికీ ఊచకు తల ఆనించింది. ముప్పయ్యేళ్ళు ఈ లెక్కతోనే పోట్లాడుతూ పెరిగింది. ఇంట్లో ఉన్న లెక్క ఆఫీసులో కనిపిస్తే గుర్తుపట్టలేకపోయింది. "నువ్వు చెప్పిందే సరి మా. ఎనిమిదే," అంది.

"ఒంట్లో బాగుండాది కదా?" అంది సుమిత్రమ్మ అనుమానంగా.

శుక్రవారం పొద్దున తేదీలు దిద్దే పని గంటసేపట్లో అయిపోయింది. గుండ్రటి అక్షరాల వారాల్లో, అర్ధరాత్రి దాటాక పొద్దు పుట్టేలోపల ఉన్న వరసలన్నింటికీ తేదీ ఒకటి కలపడం, అంతే. పటం మళ్ళీ తయారవడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఆ నలభై నిమిషాల్లో మూడుసార్లు గిన్నె దాకా పోయి వచ్చింది. ఎండకి నెత్తి మాడిపోయింది. మూడోసారి వచ్చేసరికి పటం తెర మీద ఉంది. చుక్క ఉన్నచోట ఏమీ లేదు. పక్కనున్న పెద్ద వెలుగు గుండ్రంగా, నిండుగా ఉంది. ఇన్నాళ్ళూ అది లోకంలో అందరూ చెప్పే లెక్క కన్నా నూటికి ఎనిమిది వంతులు తక్కువ చూపించేది. ఇప్పుడు సరిపోయింది. సంతోషించాల్సిన విషయమే. అర్చనకు మాత్రం ఏడుపొచ్చింది.

కృపాకుమారి వచ్చి వెనక నిలబడింది. "ఏడు రోజులు యాడివి?"

"నైట్ డ్యూటీవి మేడమ్."

అంతా విని కృపాకుమారి నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. "నీ కాంట్రాక్టు పొడిగించమని అడిగేదానికి నా చేతిలో ఉండేది ఆ పేపరొక్కటే. తెలుసు కదా?"

"తెలుసు మేడమ్."

"ఏడు రోజులకి ఏదో ఒకటి చెప్పి పాతదే పంపిచ్చింటే నేను కూడా కనుక్కోలేకపోయేదాన్ని."

"అది కూడా తెలుసు."

కృపాకుమారి ఆమె భుజం మీద చెయ్యి వేసి, తీసేసి, తన గదిలోకి పోయింది.

భాండారంతో పాటు ఒక నోటు రాయాలి. డేటాలో ఏ లోపముందో, దాన్ని ఎలా దిద్దారో వచ్చేతరాలకి చెప్పే నోటు. అలాంటివాటికి ఒక మామూలు వాక్యం ఉంటుంది, ఆపరేటర్ పొరపాటు అని. అర్చన అది రాసింది. కొట్టేసింది. తుడిచేసిన సున్నాలన్నీ ముందు ఎక్కడివక్కడ పెట్టింది. ఆ తర్వాత ఇలా రాసింది. "మూడో చేతిరాతలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. రిమార్కులలోని సున్నా సూర్యుడి గుర్తు. రాసినవారు హనుమంతరాయుడు, తనకల్లు. ఆయన రాసినది సరైనది. మేము తప్పుగా చదివాము."

నాలుగున్నరకి ఫోను మోగింది. తనకల్లు నుంచి.

"పాపా, నిన్నట్నుంచి మనసు మనసులో లేదు. నువ్వు నవ్వినావు గానీ కండ్లెమ్మట నీళ్ళు పెట్టుకుంటివి. నా తేదీల వల్లనే ఏదో అయింటాది. ఎర్రపెన్ను తెచ్చుకున్యా. అన్ని పేజీలూ కూచోని దిద్దేస్తా. ఎట్ల దిద్దల్లో చెప్పు."

అర్చన కుర్చీలోంచి లేచింది. "మొదలుపెట్టినావా?"

"లేదు. అడిగి చేద్దామని."

"వద్దన్నా. ఒక్క అక్షరం కూడా ముట్టుకోవద్దు. నువ్వు రాసింది ఉన్నింది కాబట్టే అంతా సరిపోయింది. నీ పేరు కూడా ఏసినా దాంట్లో."

"నా పేరా? దేంట్లో?"

చెప్పాలనిపించింది. చుక్క గురించి, పామిడి బజారు గురించి, ఏడు రోజుల గురించి, అన్నీ చెప్పింది. ఆయన వింటున్నట్టు మధ్యలో ఊ కొడుతూనే ఉన్నాడు.

"అంటే నేను డ్యూటీకొచ్చిన వారమంతా చుక్క కనపడిందా?"

"కనపడింది."

"లీవు పెట్టినప్పుడు?"

"లేదన్నా. ఆ జూలైలో వారమంతా ఆకాశంలో ఏమీ లేదు."

అటుపక్క చింతపండు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఆ పంట కూడా రాలే పాపా," అన్నాడు. "విత్తనమేసినాక మళ్ళా వాన పడలే. ఊరికే లీవు పెట్టినా."

అర్చన ఫోను పెట్టేయలేదు. ఆయనా పెట్టేయలేదు. ఐదు కావడానికి ఇంకా పావుగంట ఉండగా ఆమె పామిడి-1 ఫైలును తీసేసి, మిగతాదంతా పంపించింది.